శుక్రవారం రమ్మన్నవారిని వదిలేసి, ఏడో వారంలో వచ్చినవారిని తిప్పి పంపుతున్నారు

విశాఖపట్నంలో గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం అమలు చూసే అధికారులకు, నగరంలోని రేడియాలజిస్టులకు, స్త్రీల వైద్యులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. ఈ నగరం బస్తీల్లోనూ, తర్వాత భీమిలి వైపు పల్లెల్లోనూ ముప్పై ఒక్క ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి ఇంటికి చేరినదాన్ని. మీ చేతుల మీదుగా నిలిచిన ప్రాణాలను దగ్గరుండి చూశాను. ఆ గౌరవం అలాగే ఉంది. ఇప్పుడు రాయబోయే విషయం మీద ఏడాదిన్నరలో మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి రసీదు దొరికింది. రెండోదానికి "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని ఒక్క వాక్యం వచ్చింది. మూడోది ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మన దగ్గర రెండు చట్టాలున్నాయి. ఒకటి 1971 నాటి గర్భ విచ్ఛిత్తి చట్టం. కొన్ని షరతులకు లోబడి, అర్హత ఉన్న వైద్యుల వద్ద స్త్రీ గర్భం తీయించుకోవచ్చని అది చెబుతుంది. రెండోది 1994లో పార్లమెంటు చేసి, 1996 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం. 2003లో దాన్ని మరింత బిగించారు. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ చెప్పకూడదన్నది దాని సారం. మొదటిది అబార్షన్ గదికి సంబంధించిన చట్టం, రెండోది స్కాన్ గదికి సంబంధించినది. రెండు గదుల మధ్యా గోడ ఉండాలి. ఆ గోడ ఇవాళ లేదు. స్కాన్ గదిలో చూపించాల్సిన కఠినమంతా అబార్షన్ గది గుమ్మం దగ్గర చూపిస్తున్నారు, స్కాన్ గదిలో మాత్రం కాగితాలు లెక్కపెట్టి వచ్చేస్తున్నారు. నా ఫిర్యాదు అదే.

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. ముఖం చూపించే స్కాన్లు. వైద్య అవసరం ఏదీ లేకుండా, బిడ్డ ముఖం చూడటానికే తీసే 4డీ స్కాన్లు నగరంలో వ్యాపారమయ్యాయి. ఆరో నెలలోనో ఏడో నెలలోనో రమ్మంటారు. ముక్కు, పెదవులు కనిపించేలా బొమ్మ తీసి, ఫ్రేము కట్టి, వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తారు. చట్టం కింద ప్రతి గర్భిణికీ నింపాల్సిన ఫారం-ఎఫ్‌లో స్కాన్ ఎందుకు చేస్తున్నారో చెప్పడానికి 23 కారణాల జాబితా ఉంది. ముచ్చట తీర్చుకోవడం అందులో లేదు. కనుక ఫారంలో "ఎదుగుదల పరిశీలన" అని రాస్తారు, గోడ మీద ప్రకటనలో "మీ చిన్నారి తొలి ఫొటో" అని రాస్తారు. ఆ ప్రకటనలో లింగం ఊసు ఉండదు కాబట్టి ప్రకటనలను నిషేధించే 22వ సెక్షన్‌కు అది చిక్కదు. తనిఖీకి వచ్చినవారు ఫారం చూస్తారు, గోడ చూడరు.

అల్ట్రాసౌండ్ ఎక్స్‌రే లాంటిది కాదు, నిజమే. అవసరానికి తీసే స్కాన్ గురించి ఎవరూ భయపడనక్కర్లేదు. ఇరవై నాలుగు వారాలలోపు ఒక్కటైనా తీయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2016లో చెప్పింది. అయితే ఆ తరంగాలు కణజాలాన్ని కొద్దిగా వేడి చేస్తాయి. అందుకే అవసరమైనంత మేరకే, తక్కువ సేపే వాడాలన్నది మీరు చదువుకున్న సూత్రం. జ్ఞాపకంగా దాచుకోవడానికి స్కాన్లు వద్దని అమెరికాలో ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. కనెక్టికట్ రాష్ట్రం 2009లో ఏకంగా చట్టమే చేసింది.

అమెరికా పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. మన నగరంలో వీధికి నాలుగిళ్లు పిల్లల్ని అక్కడికి పంపినవే. అక్కడ బెలూను పగలగొట్టి నీలమో గులాబీయో చూపించే వేడుక వీడియో తెల్లారేసరికి ఇక్కడి వాట్సాప్‌లో ఉంటుంది. వారి చట్టం వారిది. వారి అబార్షన్ గొడవ కూడా వేరే. 1973 నాటి హక్కును వారి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టేసింది. కొన్ని రాష్ట్రాల్లో గర్భం తీయించుకునే ముందు స్కాన్ తప్పనిసరి చేశారు, ఆమె మనసు మారుతుందేమోనని. అక్కడివారు ప్రాణం ఎప్పుడు మొదలవుతుందని తగువులాడుకుంటున్నారు. మన అత్తగార్లు అడిగేది అది కాదు, ఏ నలుసని. ఆ వాదనలను తెచ్చి ఇక్కడ అతికించకండి. ఆ బెలూన్ల సరదాను కూడా తేకండి. 2024లో తమిళనాడులో ఒక యూట్యూబరు దుబాయిలో పరీక్ష చేయించుకుని, ఇక్కడ వేడుక చేసి వీడియో పెడితే అక్కడి ఆరోగ్యశాఖ నోటీసు ఇచ్చింది. ఆ పాటి చురుకు మన దగ్గర కూడా ఉండాలి.

2. శుక్రవారం. ఇది మా ఇంటి సంగతి. మా అక్క మనవరాలికి ఆరో నెల నిండాక, నగరంలో ఒక కేంద్రానికి ఈ ముఖం చూసే స్కాన్‌కు తీసుకెళ్లారు. అత్తగారు, ఆడపడుచు, నేను. గోడ మీద "లింగ నిర్ధారణ నేరం" అన్న బోర్డు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నిగనిగలాడుతోంది. బొమ్మ తీశారు, ముఖం చూపించారు, అందరం మురిసిపోయాం. బయటికి వచ్చేటప్పుడు కౌంటరు దగ్గర అబ్బాయి "ఫ్రేముకు శుక్రవారం రండి" అన్నాడు. మామూలు మాటేననుకున్నాను. మెట్లు దిగుతుండగా అత్తగారి ముఖం నల్లబడింది. సోమవారం అంటే శివుడు, శుక్రవారం అంటే లక్ష్మి. ఈ లెక్క ఆవిడకు ముందే ఎవరో చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ పనిలో ఉన్న నాకు మాత్రం తెలియదు!

ఆ నెలలో గర్భం తీయించే ప్రశ్నే రాదు. అందువల్ల "ఏడో నెలలో తెలిస్తే ఏం నష్టం" అని మీలో కొందరు అంటారు. నష్టం ఏమిటో చెబుతాను. కుంకుమపువ్వు వేసిన పాలు ఆ వారమే ఆగిపోయాయి. ఊరంతా పిలిచి చేస్తామన్న శ్రీమంతం "రోజులు బాగాలేవు" అని అయిదుగురు ముత్తైదువలతో ముగిసింది. ఐరన్ మాత్రలు అయిపోతే కొనుక్కొచ్చేవారు లేరు. తొమ్మిదో నెల వచ్చేదాకా ఆగకుండా పుట్టింటికి పంపేశారు. పురుడయ్యాక బిడ్డను చూడటానికి అల్లుడు ఇరవై రెండో రోజున వచ్చాడు. ఈ బిడ్డ లెక్కల్లోకి రాదు, ఎందుకంటే పుట్టింది, బతికింది. కానీ పుట్టకముందే ఆ ఇంట్లో ఆమె వాటా తగ్గించేశారు. తగ్గించినవాడు కౌంటరు దగ్గర కూర్చున్న అబ్బాయి.

లెక్కల్లోకి వచ్చేవి కూడా చూడండి. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 జనగణన నాటికి 961 మంది. 2011 నాటికి 939. చట్టం అమల్లోకి వచ్చి పదిహేనేళ్లు గడిచాక పడిన దెబ్బ ఇది. పంజాబు, హర్యానాల పక్కన పెట్టి చూసుకుని మనం నయమే అనుకుంటూ వచ్చాం.

3. ఏడో వారం. గాజువాక వైపు ఒక అద్దె ఇంట్లో ఉండే ఆమె. ఇద్దరు ఆడపిల్లలు. భర్త కాంట్రాక్టు పనికి పోతాడు. గర్భం రాకుండా వేసిన సాధనం పనిచేయక మళ్లీ నెల తప్పింది. తనకు మూడో బిడ్డే వద్దు, ఆడో మగో కాదు. ఏడో వారంలో నా దగ్గరికి వచ్చి అడిగితే అనుమతి ఉన్న ఆసుపత్రులు చెప్పి పంపాను. సాధనం విఫలమై వచ్చిన గర్భం ఆమె మనసుకు తీవ్రమైన హాని అని చట్టమే భావిస్తుంది. 2021 సవరణ తర్వాత పెళ్లయినవారికే కాదు, ఏ స్త్రీకైనా అది వర్తిస్తుంది. ఇరవై వారాల వరకు ఒక్క వైద్యుడి అభిప్రాయం చాలు. పద్దెనిమిదేళ్లు నిండితే ఆమె సంతకం ఒక్కటే చాలు, భర్త సంతకం అడగడానికి చట్టంలో చోటే లేదు.

మూడు చోట్ల తిప్పి పంపారు. మొదటిచోట "ఇద్దరూ ఆడపిల్లలేనా? కేసవుతుందమ్మా" అన్నారు. రెండోచోట భర్తను, ఆధార్‌ను, అత్తగారిని తెమ్మన్నారు. అత్తగారు ఏ సెక్షన్ కిందికి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. మూడోచోట "మేం ఆ పనులు మానేశాం" అన్నారు.

డాక్టరుగారూ, ఏడో వారంలో పిండం శనగ గింజంత. బయటి అవయవాలు ఆడకూ మగకూ పదకొండు, పన్నెండు వారాల దాకా ఒకేలా ఉంటాయని నాకు పాఠం చెప్పింది మీరే. ఏ స్కాన్‌లోనూ కనిపించనిదాన్ని చూసి ఆమె వచ్చిందని ఎలా అనుమానించారు? ఆడపిల్లల తల్లి కావడమే అనుమానానికి కారణమైతే, ఆడపిల్లలను కాపాడటానికి చేసిన చట్టం వారిని కన్నందుకు ఆమెను శిక్షించినట్టు కాలేదా?

ఆమె మందుల షాపులో గర్భం పోగొట్టే మాత్రల కిట్టు కొనుక్కుంది. ఎలా వేసుకోవాలో షాపు అబ్బాయి చెప్పింది సగం, ఆమెకు గుర్తున్నది అందులో సగం. నాలుగో రోజుకు రక్తం ఆగక, రాత్రి ఆటోలో తీసుకెళితే మూడు సీసాల రక్తం ఎక్కించారు. బతికింది. 2015లో దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని, వాటిలో నూటికి డెబ్బై మూడు ఆసుపత్రి బయట మాత్రలతోనే అయ్యాయని 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మీరు తిప్పి పంపితే వారు మానుకోరు, మందుల షాపుకు వెళతారు. లేదా ఆర్‌ఎంపీ దగ్గరికి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఇద్దరు ఆడపిల్లలున్న గర్భిణుల జాబితా చేతికిచ్చి, ఇంటికి వెళ్లి కడుపు ఉందో లేదో చూసి రమ్మంటే నేనూ వెళ్లాను. గుమ్మంలో నిలబడి అడిగాను. చుట్టుపక్కలవాళ్లు విన్నారు. గర్భస్రావమై ఏడుస్తున్న ఒకామెను "నిజంగానే అదే పోయిందా" అని కూడా అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నియమం 1994 నుంచి ఉండేది, 2024లో తీసేశారు. ఇద్దరు చాలని గుమ్మం గుమ్మానికీ చెప్పింది మేమే. ఇప్పుడు ఇంకా కనమంటున్నారు. పైనుంచి ఏ గాలి వీచినా, ఏడో వారంలో ఆసుపత్రి బెంచీ మీద కూర్చునేది ఆమే.

4. టిఫా ఆలస్యం. బిడ్డలో లోపాలు చూసే టిఫా స్కాన్ పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వారాల మధ్య తీయాలి. పాడేరు పైన ఒక గూడెం నుంచి డోలీలో, తర్వాత జీపులో, తర్వాత బస్సులో వచ్చిన అమ్మాయికి అది ఇరవై మూడో వారంలో తీశారు. బిడ్డకు పుర్రె ఏర్పడలేదు, మెదడు లేదు. పుట్టినా గంటల్లో పోతుంది. మూడో నెల స్కాన్‌లోనే తెలిసిపోయే లోపం ఇది, ఆ స్కాన్ ఆమెకు ఎవరూ తీయలేదు. ఇరవై నాలుగు వారాలు దాటితే వైద్య మండలి, అంటే నిపుణుల మెడికల్ బోర్డు, చూడాలి. తీవ్రమైన లోపం ఉంటే వారాల పరిమితి వర్తించదని 2021 సవరణలో స్పష్టంగా ఉంది. అర్జీ అందిన మూడు రోజుల్లో మండలి అవునో కాదో చెప్పాలి, అనుమతిస్తే అర్జీ అందిన అయిదు రోజుల్లోనే పని పూర్తి కావాలి. నిబంధన అది. ఆమెను మాత్రం "పై వారం రండి, ఇది రిస్కు కేసు" అంటూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పదకొండు రోజులు తిప్పారు. రాత్రుళ్లు వరండాలో పడుకుంది. వాళ్లాయన కూలి పోయింది. చివరికి విసిగి కొండెక్కి వెళ్లిపోయారు. అక్కడే కన్నది. అంతకుమించి రాయలేను.

ఆడో మగో ఆమె అడగలేదు. ఆ ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు. అయినా వైద్యులు భయపడింది లింగ నిర్ధారణ కేసుకే.

5. గోడ మీది మాటలు. "భ్రూణ హత్య మహాపాపం" అని బ్యానర్లు కడుతున్నారు. సదుద్దేశంతోనే. కానీ అది చదివే పదిహేడేళ్ల పిల్లకు, బలాత్కారానికి గురైన స్త్రీకి, గుండెజబ్బుతో గర్భం మోయలేని తల్లికి అర్థమయ్యేది ఒక్కటే: అబార్షన్ అంటే హత్య. హత్య అన్న మాట చట్టంలో లేదు, బ్యానరులోనే ఉంది. నేరం లింగం చూసి చెప్పడం. ఆ మాటే రాయండి.

వైద్యుల భయం నాకు అర్థం కాకపోలేదు. ఈ చట్టం కింద నేరం బెయిలు దొరకనిది. మూడేళ్ల దాకా జైలు. శిక్ష పడితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితాలో పేరు అయిదేళ్లు ఉండదు. ఫారం-ఎఫ్‌లో లోపాన్ని గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయలేమని సుప్రీంకోర్టు 2019 మే 3న తేల్చింది. ఆ తీర్పును సడలించమని నేను అడగడం లేదు, అది సరైనదే. లింగం అందరికీ చెప్పేసి, ప్రతి గర్భాన్నీ నమోదు చేసి కాపలా కాద్దామని 2016లో కేంద్ర మంత్రి మేనకా గాంధీ ఒక ఆలోచన చేశారు. వైద్య సంఘాల పెద్దలు కూడా అదే మాట మళ్లీ ఎత్తారు. కాపలా కాసేది ఎవరిని? మళ్లీ ఆమెనే. నేను గుమ్మంలో నిలబడి చేసిన పనే అది.

ఇక నేను అడుగుతున్నవి:

1. వైద్య కారణం లేని స్కాన్లు ఆపించండి. "తొలి ఫొటో" బోర్డులున్న చోట ఫారం-ఎఫ్‌లో రాసిన కారణానికి, రాసిన వైద్యుడి చీటీకి పొంతన ఉందో లేదో చూడండి. లేకపోతే యంత్రానికి సీలు వేయండి.

2. ఫారాలు లెక్కపెట్టడం మాని చదవండి. బతికున్న కొడుకులెందరు, కూతుళ్లెందరు అన్న వివరం అందులో ఉంది. ఆడపిల్లలు మాత్రమే ఉన్నవారికి, గట్టి కారణం లేకుండా, పన్నెండు పదహారు వారాల మధ్య స్కాన్లు ఒకే కేంద్రంలో గుట్టగా పడి ఉంటే అక్కడికి వెళ్లండి. కేంద్రానికి వెళ్లండి. ఆమె ఇంటికి వద్దు. కౌంటరు దగ్గర కూర్చున్నవారి మాటలనూ వినండి, నకిలీ రోగులను పంపినప్పుడు మెట్లు దిగేదాకా వారిని ఆగమనండి.

3. పన్నెండు వారాలలోపు వచ్చిన స్త్రీని పిల్లల లింగం అడిగి తిప్పి పంపకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. భర్త సంతకం, అత్తగారి హాజరు అడిగిన ఆసుపత్రికి సంజాయిషీ నోటీసు ఇవ్వండి. గర్భం తీయించుకున్నామె పేరు బయటపెడితే ఏడాది దాకా జైలని చట్టంలో ఉంది, ఆ సంగతి ఆసుపత్రి సిబ్బందికే తెలియదు. పెళ్లికాని స్త్రీకి కూడా ఇరవై నాలుగు వారాల వరకు అదే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. అది కూడా చెప్పండి.

4. ఏజెన్సీ నుంచి వచ్చే గర్భిణులకు మూడో నెల స్కాన్, ఇరవై వారాలలోపు టిఫా స్కాన్ పాడేరు వైపే దొరకాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి అది మా పరిధి కాదని అనకండి. డోలీ మోసేవారికి జిల్లా సరిహద్దులు తెలియవు. వైద్య మండలి ఎక్కడ, ఏ రోజు కూర్చుంటుందో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బోర్డు పెట్టండి.

5. "లింగ నిర్ధారణ నేరం" అన్న బోర్డు కిందే "షరతులకు లోబడి గర్భ విచ్ఛిత్తి చట్టబద్ధం" అని ఇంకో వరుస రాయించండి. ఒక డబ్బా రంగు ఖర్చు.

6. నా మూడు అర్జీలకు జవాబు.

ఈ లేఖలో ఏ కేంద్రం పేరూ, ఏ ఆసుపత్రి పేరూ రాయలేదు. విచారణ జరగకముందే ఎవరి పేరూ బజారున పెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే చట్టం 28వ సెక్షన్ ప్రకారం, అధికారులకు పదిహేను రోజులు తగ్గకుండా నోటీసు ఇచ్చి, ఏ పౌరుడైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. శుక్రవారం రమ్మన్న కేంద్రం మీద ఆ నోటీసు రాసి ఉంచాను. ఆ రోజు ఇచ్చిన రసీదు, ఫ్రేము రెండూ నా దగ్గరున్నాయి. నెలాఖరు దాకా మీ జవాబు కోసం చూస్తాను. ఒకటో తారీఖున నోటీసు రిజిస్టరు పోస్టులో వేస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం
విశాఖపట్నం